ముగింపు లేని ఆట



ఈనాటి ప్రసంగ విషయం ఫోనులోని ఆటలు. అవి మంచివా చెడ్డవా అన్న తగువులోకి నేను పోను. ఆ తగువు ప్రతి ఇంట్లోనూ రాత్రి భోజనాల వేళ ఎలాగూ జరుగుతూనే ఉంది. ఆడినవాడు మర్నాడు మళ్ళీ వచ్చేట్టు చూడటం అనే పని ఒక వృత్తిగా ఎట్లా తయారైంది, అది మన బళ్ళారి సరిహద్దుకు వచ్చేసరికి ఎంత చిత్రమైన చరిత్ర అయింది, అంతవరకే మనవి చేస్తాను.

1997లో రెండు ఆటలు లోకంలోకి వచ్చాయి. ఒకటి నోకియా 6110 ఫోనులోని పాము ఆట. మనలో చాలామందిమి ఆ తరువాతి నోకియా ఫోన్లలో దాన్ని ఆడినవాళ్ళమే. పాము గోడకు గుద్దుకుంటే ఆట అయిపోయేది, ఫోను జేబులోకి పోయేది. కంపెనీవాళ్ళు ఆటను ఫోనులో పెట్టి అమ్మేశారు, ఆ తరువాత వాళ్ళకూ దానికీ సంబంధం లేదు. రెండోది అమెరికాలో వచ్చిన అల్టిమా ఆన్‌లైన్. అది కంప్యూటరులో ఇంటర్నెట్ ద్వారా ఆడేది. వేలమంది ఒకే లోకంలో తిరుగుతారు, నెలనెలా చందా కడతారు. ఆడేవాడు నిద్రపోయినా ఆ లోకం నడుస్తూనే ఉంటుంది. కనుక దాన్ని నడిపే మనుషులు రోజూ పనిలో ఉండవలసి వచ్చింది. ఇవాళ మన పిల్లల చేతుల్లో ఉన్న ఆటల్లో చాలావాటికి ఫోను పాము ఆటది, గుణం మాత్రం ఈ రెండోదానిది.

ఇట్లా విడుదలైన ఆటను రోజూ నడిపే పనిని ఆ వ్యాపారంలో లైవ్ ఆపరేషన్స్ అంటారు. నిత్య నిర్వహణ అనుకుందాం. ఇందులో ఉండేవాళ్ళ ముందు ఒక క్యాలెండరు ఉంటుంది. ఏ వారం ఏ పోటీ, ఏ పండక్కి ఏ బహుమతి, ఏ రాత్రి రెట్టింపు పాయింట్లు అన్నీ ముందే రాసి ఉంటాయి. పక్కనే లెక్క ఉంటుంది. నూరుమంది ఆటను ఎక్కించుకుంటే మర్నాడు ఎందరు తిరిగి వచ్చారు, ఏడో రోజుకు ఎందరు మిగిలారు, ముప్పయ్యో రోజుకు ఎందరు? ఒకే బహుమతిని సగంమందికి ఒక రకంగా, తక్కిన సగానికి ఇంకో రకంగా చూపించి, దేనికి ఎక్కువమంది నిలిచారో చూస్తారు. నాలుగు రోజులు రానివాడికి ప్రత్యేకంగా ఒక కబురు పంపిస్తారు. బడి మానేసిన పిల్లవాడి కోసం మేము ఇంటికి కబురు పంపినంత శ్రద్ధగా, నిజం చెప్పాలంటే అంతకన్నా ఎక్కువ శ్రద్ధగానే, పంపిస్తారు.

2009 జూన్‌లో ఫార్మ్‌విల్ అనే ఆట ఫేస్‌బుక్‌లో వచ్చింది. తెర మీద పొలం ఉంటుంది, విత్తనం వేస్తాం, కొన్ని గంటలకో కొన్ని రోజులకో పంట చేతికి వస్తుంది. వేళకు వచ్చి కోయకపోతే వాడిపోతుంది. తుంగభద్ర కాలువ నీళ్ళు రాక ఎండే మిరప మనకు తెలుసు. యజమాని వచ్చి చూడలేదని ఎండే పంట ఇదే మొదటిసారి. కోట్లమంది తెల్లవారుజామున లేచి ఆ పంట కోశారు. 2020 డిసెంబరు 31న ఆ ఆట మూతపడింది. అది నేర్పిన పాఠం మూతపడలేదు. 2012లో ఫోనులోకి వచ్చిన క్యాండీ క్రష్‌లో ఐదు ప్రాణాలు ఇస్తారు. అవి అయిపోతే అరగంటకు ఒకటి చొప్పున తిరిగి వస్తాయి. ఆగలేకపోతే డబ్బు పెట్టి కొనుక్కోవచ్చు. ఆటను మధ్యలో ఆపించి, ఎదురుచూపును కూడా ఆటలో భాగం చేయడం ఇందులోని తెలివి.

ఈ విద్య మనకు పూర్తిగా కొత్తదేమీ కాదు. వారపత్రికల సీరియల్ రచయితలు ఏ వాక్యం దగ్గర ఆపి సశేషం అని వేయాలో బాగా ఎరిగినవాళ్ళే. కథ మంచి పట్టులో ఉండగా ఆపి పళ్ళెం తిప్పించే హరిదాసులనూ మనం చూశాం. అయితే హరిదాసు చివరకు మంగళం పాడతాడు, సీరియల్‌కు ఆఖరి భాగం ఒకటి వస్తుంది. బళ్ళారి రాఘవ ఎంత గొప్పగా నటించినా తెర దిగాక జనం ఇళ్ళకు పోయారు. నిత్య నిర్వహణలో మంగళం అనే మాటే లేదు. తొమ్మిదో తరగతి పిల్లవాడొకడు లెక్కల నోటు వెనక అట్ట మీద ఒక టైంటేబులు రాసుకుని ఉంటే చదివాను. ఆదివారం ఏడు నుంచి తొమ్మిది దాకా ఫలానా పోటీ, బుధవారంతో ఫలానా బహుమతి గడువు ఆఖరు. బడి టైంటేబులును వాడు అంత పొందికగా ఎన్నడూ రాయలేదు.

ఇక పెద్దల ఆటకు వద్దాం. కన్నడంలో ఇస్పీటు అంటే మొత్తం పేకాటే. తెలుగులో ఇస్పేటు అంటే నాలుగు రంగుల్లో ఒకటి మాత్రమే. మన ఊళ్ళలో రెండు భాషలవాళ్ళూ ఒకే చాప మీద కూర్చుని ఆడేటప్పుడు ఈ తేడా ఎవరికీ అడ్డు రాలేదు. ఆ పేకాట ఫోనులోకి రావడానికి దారి వేసింది మాత్రం సికింద్రాబాదులోని ఒక క్లబ్బు. 1963లో క్రెసెంట్ రిక్రియేషన్ క్లబ్బు మీద పోలీసులు దాడి చేసి, డబ్బు పెట్టి రమ్మీ ఆడుతున్నవాళ్ళను పట్టుకున్నారు. కింది కోర్టు శిక్ష వేసింది, హైకోర్టు కొట్టేసింది, రాష్ట్ర ప్రభుత్వం సుప్రీంకోర్టుకు పోయింది. 1968 నాటి తీర్పుగా పేరుపడిన ఆ కేసులో సుప్రీంకోర్టు క్లబ్బు పక్షాన నిలిచింది. మూడు ముక్కలాట ఉత్త అదృష్టం, రమ్మీ అట్లా కాదు, పడిన ముక్కలను గుర్తుంచుకోవాలి, ఏది ఉంచాలో ఏది వేయాలో తెలియాలి, కనుక ప్రధానంగా నేర్పు గల ఆట అన్నది. అదే తీర్పులో ఇంకో మాట కూడా ఉంది. ఆడించేవాడు ఆ ఆట మీద లాభం తీస్తుంటే సంగతి వేరు కావచ్చునని. ఇంటర్నెట్ రమ్మీ వ్యాపారం మొదటి మాటను తలకెత్తుకుంది. రెండో మాట ఎవరి ప్రకటనల్లోనూ నాకు కనిపించలేదు.

క్లబ్బులో తెల్లవారితే చాప మడిచేవారు. ఫోనులో చాప మడిచేవాడు లేడు. మొదటిసారి డబ్బు వేస్తే బోనసు, పోగొట్టుకున్నవాడికి ఓదార్పు బోనసు, పండగకు పెద్ద పోటీ, ఈ నిత్య నిర్వహణంతా పందెం డబ్బుకు తోడైంది. పిల్లల ఆటలో పోయేది పొద్దు, ఇందులో పోయేది జీతం. అప్పుల పాలైనవారి వార్తలు పెరిగాయి. 2017లో తెలంగాణ ప్రభుత్వం ఆర్డినెన్సు తెచ్చి డబ్బు రమ్మీని నిషేధించింది. 2020 సెప్టెంబరులో ఆంధ్రప్రదేశ్ అదే పని చేసింది.

ఇక్కడే మన సరిహద్దు కథ మొదలవుతుంది. 1953 అక్టోబరు 1న ఆంధ్ర రాష్ట్రం ఏర్పడినప్పుడు పాత బళ్ళారి జిల్లా నుంచి ఆదోని, ఆలూరు, రాయదుర్గం తాలూకాలు ఆంధ్రలో కలిశాయి, మిగిలినవి మైసూరు రాష్ట్రానికి వచ్చాయి. ఆ గీత మీదుగా మనం పెళ్ళి సంబంధాలు కలుపుకున్నాం, పత్తి అమ్ముకున్నాం, సినిమాకు పోయి వచ్చాం. బస్సు కండక్టరు తప్ప దాన్ని గట్టిగా పట్టించుకున్నవాళ్ళు తక్కువ. ఫోను మాత్రం పట్టించుకున్నది. డబ్బు ఆటల కంపెనీలు ఫోను ఏ చోట ఉందో చూసి, నిషేధం ఉన్న రాష్ట్రమైతే ఆట తెరవనివ్వలేదు. బళ్ళారి స్టేషనులో నడిచే ఆట గుంతకల్లులో నడవదు. ఒకే ఇంటి పేరుగల అన్నదమ్ములు, రాయదుర్గంలో ఉన్నవాడికి తలుపు మూసి, బళ్ళారిలో ఉన్నవాడికి తెరిచి ఉంది.

2021 అక్టోబరు 5 నుంచి కర్ణాటక కూడా పోలీసు చట్టాన్ని సవరించి తలుపు మూసింది. నాలుగు నెలలు గీతకు రెండు పక్కలా ఒకే న్యాయం. 2022 ఫిబ్రవరి 14న కర్ణాటక హైకోర్టు ఆ సవరణలోని ముఖ్యమైన భాగాలను కొట్టివేసింది. నేర్పు ఆటనూ జూదాన్నీ ఒక గాటన కట్టరాదన్న పాత వాదమే నిలిచింది. విచిత్రంగా అదే రోజున కేంద్ర ప్రభుత్వం, దేశ భద్రత కారణాలతో, ఫ్రీ ఫైర్ అనే ఆటతో సహా కొన్ని విదేశీ యాప్‌లను నిషేధించినట్టు వార్త వచ్చింది. పెద్దల పేకకు తలుపు తెరుచుకున్న పూటే పిల్లల తుపాకి ఆటకు మూసుకున్నదన్నమాట.

ఈ తేడా మరి మూడున్నరేళ్ళు సాగింది. 2025 ఆగస్టులో పార్లమెంటు ఆన్‌లైన్ ఆటల చట్టం చేసింది. 22న రాష్ట్రపతి ఆమోదం వచ్చింది. నేర్పా అదృష్టమా అన్న ప్రశ్నను పక్కన పెట్టి, డబ్బు కట్టి డబ్బు ఆశించే ఆట ఏదైనా సరే నడపరాదన్నది. నడిపినవారికి మూడేళ్ళ దాకా జైలు, కోటి రూపాయల దాకా జరిమానా. ఆడినవాడికి శిక్ష లేదు. పెద్ద కంపెనీలు కొద్ది రోజుల్లోనే డబ్బు ఆటలు ఆపేశాయి. ఒక కంపెనీ ఆ నెలలోనే కర్ణాటక హైకోర్టుకు పోయింది. గీతకు ఇరుపక్కలా మళ్ళీ ఒకే న్యాయం వచ్చింది.

ఆ చట్టం క్యాలెండరు జోలికి పోలేదు. డబ్బు పందెం లేని ఆటలనూ, ఈ-స్పోర్ట్స్ అనే పోటీలనూ ప్రోత్సహిస్తామనే అన్నది. ఏడో రోజు బహుమతి, అర్ధరాత్రి గడువు, నాలుగు రోజులు రానివాడికి కబురు, ఇవన్నీ అందులో చట్టబద్ధమే. ప్రపంచ ఆరోగ్య సంస్థ ఆటను ఆపుకోలేని స్థితిని జబ్బుల పట్టికలో చేర్చింది. 2022 జనవరి 1 నుంచి ఆ పట్టిక అమలులోకి వచ్చింది. ఎక్కువ గంటలు ఆడటమే జబ్బు అని అందులో లేదు. చదువు, నిద్ర, సంపాదన చెడుతున్నా మానలేకపోవడం, అదీ సాధారణంగా ఏడాదిపాటు కొనసాగడం చూస్తారు. బెంగళూరు నిమ్హాన్స్‌లో ఇట్లాంటివారి కోసం 2014లోనే షట్ క్లినిక్ పెట్టారు. 2022లో మొదలైన టెలీ మానస్ నంబరు 14416. ఆ ఫోనుకు ఖర్చు లేదు, తెలుగులోనైనా కన్నడంలోనైనా మాట్లాడవచ్చు.