అడవి గూడెంలో కంటైనర్ బడి: తేలిక కట్టడాల చరిత్ర – ఒక పరిశీలన

ప్రవేశిక

మేడ్చల్–మల్కాజిగిరి జిల్లాలోని బాచుపల్లిలో కొత్త భవనాలు లేచే స్థలాలకు ముందుగా చేరే వాటిలో పోర్టా క్యాబిన్ ఒకటి. ఇనుప చట్రం, రేకు గోడలు, కిటికీ, విద్యుత్ తీగలు అన్నీ బిగించి ఉన్న ఆ గది లారీ మీద వస్తుంది, క్రేన్‌తో దిగుతుంది. సైటు ఆఫీసుగా పనిచేసి, భవనం పూర్తి కాగానే మరో స్థలానికి తరలిపోతుంది. అటువంటి స్థలాల్లోనే వలస కూలీలు రేకుల షెడ్లలో కాపురం ఉంటారు. అవి కూడా తాత్కాలిక నిర్మాణాలే. 2024 మే 7న కురిసిన భారీ వర్షానికి బాచుపల్లిలో ఒక నిర్మాణ స్థలంలోని గోడ కూలి, ఒడిశా, ఛత్తీస్‌గఢ్ రాష్ట్రాల నుంచి వచ్చిన కూలీల షెడ్లపై పడగా ఏడుగురు మరణించారు. వారిలో నాలుగేళ్ల పసివాడు ఉన్నాడు. తాత్కాలికం అనే ఒకే మాట కింద నమోదయ్యే ఈ కట్టడాలలో ఎవరి అవసరం ఎంత తీరుతున్నదన్న ప్రశ్న నగరానికే పరిమితం కాదు. నగరపు క్యాబిన్‌కు దగ్గరి చుట్టమైన కంటైనర్ గది అదే ఏడాది ములుగు జిల్లా అడవుల్లో బడిగా, వైద్య కేంద్రంగా నిలిచింది. అక్కడికి అది చేరిన దారిని చారిత్రకంగా పరిశీలించడం ఈ వ్యాస లక్ష్యం.

మోయగల బరువు

విడిభాగాలుగా తయారుచేసి, దూరప్రాంతంలో బిగించుకునే ఇంటికి ఆధునిక చరిత్రలో తొలి ప్రసిద్ధ ఉదాహరణ 1830ల నాటిది. మానింగ్ అనే లండన్ వడ్రంగి ఆస్ట్రేలియాకు వలస వెళ్తున్న తన కుమారుని కోసం ఒక చెక్క ఇంటిని రూపొందించాడు. ఓడరేవు నుంచి నివాస స్థలం దాకా బాట ఉంటుందన్న భరోసా లేదు కనుక ఏ భాగమూ ఒక మనిషి మోయలేనంత బరువు ఉండకూడదన్నది ఆ రూపకల్పనలోని ప్రధాన నియమం. 1916లో బ్రిటిష్ సైన్యంలోని ఇంజనీరు పీటర్ నిస్సెన్ రూపొందించిన అర్ధవర్తులాకార రేకు గుడిసె విడిభాగాలన్నీ ఒక్క సైనిక లారీలో పట్టేవి, ఆరుగురు నాలుగు గంటల్లో బిగించగలిగేవారు. 1956 ఏప్రిల్‌లో మాల్కం మెక్లీన్ నౌక ఐడియల్ ఎక్స్ 58 కంటైనర్లతో అమెరికాలోని నెవార్క్ నుంచి హ్యూస్టన్‌కు బయలుదేరడంతో ఈ లెక్క మారింది. సరుకు కోసం పుట్టిన ఇనుప పెట్టె తరువాతి కాలంలో గదిగా కూడా మారింది. దాన్ని దించడానికి మనిషి భుజం చాలదు. లారీ వెళ్లే బాట కావాలి, క్రేన్ కావాలి. మారుమూల ప్రాంతాలకు అనువైనదిగా చెప్పే కట్టడం బాట ఉన్నచోటికే చేరుతుందన్న ఈ వైరుధ్యానికి తగినంత ప్రాధాన్యం దక్కడం లేదు.

పెంటలోని ఇల్లు

మనిషి మోయగల బరువనే నియమాన్ని నల్లమల చెంచులు ఏ ఇంజనీరు చెప్పకుండానే పాటించారు. ఆస్ట్రియాకు చెందిన మానవశాస్త్రవేత్త క్రిస్టాఫ్ ఫాన్ ఫ్యూరర్-హైమెన్‌డార్ఫ్ 1940లో నిజాం రాజ్యంలోని అమ్రాబాద్ పీఠభూమిలో చెంచుల జీవితాన్ని అధ్యయనం చేసి, 1943లో ‘ది చెంచూస్’ గ్రంథాన్ని ప్రచురించాడు. గుండ్రటి తడికె గోడ, దానిపై గడ్డి కప్పిన శంకువు ఆకారపు పైకప్పు చెంచుల ఇంటి ప్రధాన లక్షణాలు. వెదురు, కర్ర, గడ్డి, కట్టు నార అన్నీ పెంట చుట్టూ ఉన్న అడవిలోనే దొరుకుతాయి. వేసవిలో నీరు, ఇప్పపూలు ఉన్న చోటికి వెళ్లినప్పుడు అంతకంటే తేలికైన ఆకుల పందిళ్లు వేసుకుంటారు. వదిలివెళ్లిన కట్టడం మట్టిలో కలిసిపోతుంది. పర్యావరణానికి హాని చేయని నిర్మాణం గురించి నేటి వాస్తుశిల్పులు చెప్పే షరతుల్లో చాలావాటిని ఈ ఇల్లు తీరుస్తుంది.

అయితే దీనిని ఆదర్శంగా కీర్తించి ఊరుకోవడం సులభం. గడ్డి కప్పును మళ్లీ మళ్లీ మార్చాలి, నిప్పు భయం ఉంటుంది, వానాకాలంలో తడి తప్పదు. గట్టి ఇల్లు కావాలని చెంచులు కోరుకుంటే అందులో తప్పు పట్టవలసినది ఏమీ లేదు. ఇక్కడ గమనించవలసినది మరొకటి ఉంది. చెంచు ఇంటి తేలికదనం, అందులో నివసించేవారు తమ రుతువులను, తమ తిరుగుడును బట్టి నిర్ణయించుకున్నది. ప్రభుత్వ దస్త్రాల్లో మాత్రం అది ‘కచ్చా ఇల్లు’ అన్న రెండు మాటలకు కుదించుకుపోయింది.

ములుగు కంటైనర్లు

ములుగు జిల్లా తాడ్వాయి మండలం పోచాపూర్‌లో 2024లో కంటైనర్‌లో ఆరోగ్య కేంద్రం ఏర్పాటైంది. అదే ఏడాది సెప్టెంబరులో కన్నాయిగూడెం మండలం బంగారుపల్లిలో కంటైనర్ బడిని రాష్ట్ర మంత్రి సీతక్క ప్రారంభించారు. (వలస వచ్చిన గొత్తికోయల స్థితిగతులపై ఉస్మానియా విశ్వవిద్యాలయంలో పరిశోధన చేసి 2022లో డాక్టరేట్ పొందిన మంత్రి ఆమె.) అంతకుముందు బంగారుపల్లి పిల్లలు గుడిసెలో చదువుకునేవారు. అటవీ ప్రాంతం కావడంతో పక్కా భవనానికి అనుమతి దొరకలేదు. పునాది తవ్వనక్కరలేని, ఎప్పుడైనా ఎత్తుకుపోగల గది కావడంతో ఆ ఆంక్ష కంటైనర్‌కు అడ్డు కాలేదు. టన్నుల బరువున్న ఇనుప గది ఆ విధంగా చట్టం దృష్టిలో తేలికైంది. వాన కురవని గదిలో పిల్లలు కూర్చోగలగడం చిన్న విషయం కాదు. దానిని కంటితుడుపుగా కొట్టిపారేయడం న్యాయం అనిపించుకోదు.

కానీ చట్టంలో మరో దారి కూడా ఉంది. 1980 నాటి అటవీ సంరక్షణ చట్టం అటవీ భూమిని ఇతర అవసరాలకు మళ్లించడానికి కేంద్రం ముందస్తు అనుమతిని తప్పనిసరి చేసింది. 2006 నాటి అటవీ హక్కుల చట్టం మూడవ సెక్షన్‌లోని రెండవ ఉపసెక్షన్ దీనికి మినహాయింపునిచ్చింది. బడి, వైద్యశాల, అంగన్‌వాడీ, తాగునీరు, రోడ్డు సహా 13 రకాల ప్రభుత్వ వసతుల కోసం ఒక్కోదానికి హెక్టారులోపు అటవీ భూమిని మళ్లించవచ్చు. హెక్టారుకు 75 చెట్లకు మించి కొట్టరాదు, గ్రామసభ సిఫారసు ఉండాలి. ఒక గూడెం బడికి ఇంతకంటే ఎక్కువ స్థలం అవసరం పడదు. ఈ అవకాశం చట్టంలో చేరి పద్దెనిమిదేళ్లు గడిచిన తరువాత కూడా బడి కంటైనర్‌లోనే రావలసి వచ్చింది. కంటైనర్‌ను కేవలం సాంకేతిక విజయంగా వర్ణించే కథనాలు ఈ సంగతిని ప్రస్తావించవు.

రూపకల్పన విషయంలోనూ ఆలోచించవలసినది ఉంది. గోదావరి లోయ ఎండకు ఇనుప గది త్వరగా కాగుతుంది. గోడల మధ్య ఉష్ణనిరోధక పొర వేసినా పైకప్పుకు నీడ కావాలి. 2025లో ఐఐటీ హైదరాబాదు, సింప్లిఫోర్జ్ సంస్థ, భారత సైన్యం కలిసి లేహ్‌లో 11 వేల అడుగుల ఎత్తున త్రీడీ ముద్రణతో బంకరును నిర్మించాయి. సిద్ధమైన గదిని మోసుకెళ్లకుండా, యంత్రాన్ని అక్కడికి చేర్చి గోడలను అక్కడే పోశారు. సైన్యానికి అందిన ఈ పద్ధతి ఖర్చు రీత్యా గూడేలకు ఇప్పట్లో అందకపోవచ్చు. గూడెంలో మాత్రం వెదురు ఉంది. అటవీ హక్కుల చట్టమే వెదురును చిన్నతరహా అటవీ ఉత్పత్తుల్లో చేర్చి, దాన్ని సేకరించుకునే హక్కును అక్కడివారికి ఇచ్చింది. కంటైనర్ మీద ఒక జానెడు ఎడంతో వెదురు తడికె, గడ్డి కప్పు వేస్తే ఎండ నేరుగా ఇనుము మీద పడదు. ఆ పని చేయగల చేతులు ప్రతి గూడెంలోనూ ఉన్నాయి.