తుపాకీ ఇస్తారు, పోలీసు బ్యాడ్జి ఇవ్వరు: అమెరికాలో పాత పేచీ

ఒక్క ప్రశ్నతో మొదలుపెడదాం. అమెరికా సైన్యంలో చేరాలంటే ఆ దేశ పౌరుడే అయ్యుండాలా? అక్కర్లేదు, గ్రీన్ కార్డ్ ఉన్నా చేరొచ్చు. మరి అదే మనిషి సైన్యం నుంచి తిరిగొచ్చి పోలీసు ఉద్యోగానికి అప్లై చేస్తే? చాలాచోట్ల "ముందు సిటిజన్‌షిప్ చూపించు" అన్నారు.

దీని మీద పెద్ద తీర్పు 1978లో వచ్చింది. న్యూయార్క్ రాష్ట్ర పోలీసు పరీక్ష రాయనివ్వలేదని ఫోలీ అనే గ్రీన్ కార్డ్ హోల్డర్ కోర్టుకెళ్లాడు. సుప్రీంకోర్టు 6-3తో రాష్ట్రం పక్షానే నిలిచింది. జనాన్ని ఆపడం, సోదా చేయడం, అరెస్టు చేయడం... ఇంత అధికారాన్ని పౌరులకే ఇవ్వాలని రాష్ట్రం అనుకోవచ్చు అంది.

కానీ 1973లో ఇదే కోర్టు, న్యూయార్క్‌ సివిల్ సర్వీస్ పోస్టులకు గంపగుత్తగా పెట్టిన ఇలాంటి రూల్‌నే కొట్టేసింది! అంటే ఆ ఉద్యోగానికి ఎంత అధికారం ఉందన్నదే అసలు లెక్క. మరి మంటలార్పే ఫైర్‌మ్యాన్ ఎవర్ని అరెస్టు చేస్తాడు చెప్పండి?

సైనికులకు ఒక దారైతే ఉంది. మామూలు రోజుల్లో ఏడాది సర్వీసు చేస్తే సిటిజన్‌షిప్‌కి అప్లై చేసుకోవచ్చు. యుద్ధకాలంలో ఆ ఏడాది కూడా ఆగక్కర్లేదు. 2001 సెప్టెంబర్ 11 నుంచి యుద్ధకాలం రూలే నడుస్తోంది. కాకపోతే అది దానంతటదే రాదు. సైన్యంలో ప్రమాణం చేశాం కాబట్టి పౌరులమైపోయాం అనుకుని, దరఖాస్తు పెట్టకుండానే బయటికొచ్చేసిన వాళ్లూ ఉన్నారు.

2023 జనవరి 1 నుంచి కాలిఫోర్నియా పోలీసు ఉద్యోగాలకు ఆ షరతు ఎత్తేసింది. చట్టప్రకారం పనిచేసే అనుమతి ఉంటే చాలు.

యుద్ధంలో నమ్మి తుపాకీ ఇచ్చిన మనిషిని సొంత వీధిలో నమ్మడానికి ఇన్నేళ్లు పట్టింది. అదీ అన్నిచోట్లా కాదు.