వఫ్రాలో ఉండి చెబుతున్న కువైట్ ఓటు కథ

సెలవు మీద ఊరికొచ్చినప్పుడల్లా ఎవరో ఒకరు అడుగుతారు: "అక్కడ రాజుల పాలన కదన్నా, మళ్లీ ఓట్లెందుకు?" రాయచోటి, రాజంపేట వైపు నుంచీ కోనసీమ నుంచీ ఇన్ని కుటుంబాలు ఈ దేశం మీద ఆధారపడి బతుకుతున్నాయి. అయినా ఇక్కడి రాజకీయ చరిత్ర మనకు తెలియదు. మనకు తెలిసిన కువైట్ అంతా దినారు రేటు, అఖామా (నివాస అనుమతి) గడువు, కఫీల్ (స్పాన్సర్) మంచితనం. నేను వఫ్రాలో ఒక మజ్రా, అంటే వ్యవసాయ తోట, లెక్కలు చూస్తాను. ఈ ఎడారిలో ఓటు ఎలా పుట్టిందో తెలుసుకున్నాక ఈ మనుషుల మీద నాకు గౌరవం పెరిగింది. అందుకే ఇది రాస్తున్నాను.

వఫ్రా కువైట్‌కు దక్షిణపు కొసన, సౌదీ సరిహద్దు పక్కన ఉంది. టమాటా, దోస పండించే తోటలు ఒకవైపు, చమురు బావులు ఒకవైపు. 1922లో ఉఖైర్ ఒప్పందంతో బ్రిటిష్ అధికారి పెర్సీ కాక్స్ గీసిన గీతల మధ్య ఈ నేల ఏ ఒక్కరికీ పూర్తిగా చెందని తటస్థ ప్రాంతంగా మిగిలింది. 1953లో ఇక్కడ చమురు పడింది. దాని మీద రెండు దేశాలకూ సమాన హక్కే. 1965లో పంపకం ఒప్పందం కుదిరి, 1969 చివర్లో గీత ఖరారయ్యాకే ఉత్తర భాగం కువైట్ నేల అయింది. అంటే కువైటీలు తమ మొదటి పార్లమెంటుకు ఓటేసిన 1963లో వఫ్రా ఇంకా రెండు దేశాల ఉమ్మడి భూమి. ఇప్పుడిది అహ్మదీ గవర్నరేట్‌లో భాగం. ఎన్నికల్లో ఐదో నియోజకవర్గం కిందికి వస్తుంది.

అసలు కథ చమురు కంటే ముందే మొదలైంది. అప్పటి కువైట్ ముత్యాల వేట మీద, సముద్ర వ్యాపారం మీద బతికేది. వీళ్ల పడవలు బొంబాయి, కాలికట్ రేవులకు వచ్చేవి. బజారులో 1961 దాకా చెల్లింది రూపాయే. పాలకుడి ఖజానాకు సొమ్ము వర్తకులు కట్టే సుంకాల నుంచే రావాలి. సొమ్ము మాదైనప్పుడు ఖర్చులో మాటా మాదే అని వర్తకులు గట్టిగా అడిగారు. 1921లో 12 మందితో ఒక సలహా మండలి వచ్చింది, ఎక్కువ కాలం నిలవలేదు. 1930లో బలదియా, అంటే మున్సిపాలిటీ ఏర్పడింది. దాని మండలికి సభ్యులను వర్తకులు ఓటు ద్వారా ఎన్నుకున్నారు. 1936లో బడుల కోసం విద్యామండలి వచ్చింది. ఈ దేశంలో ఓటు ముందు వచ్చింది వీధుల శుభ్రతకూ బడులకూ అన్న సంగతి మన పంచాయతీ మనుషులు గమనించాలి.

1938 కీలకమైన ఏడాది. అప్పటికే జపాన్ పెంపకపు ముత్యాలు, ప్రపంచ మాంద్యం కలిసి ఇక్కడి ముత్యాల వ్యాపారాన్ని కూల్చేశాయి. వర్తక కుటుంబాల పెద్దలు ఓటేసి 14 మందితో శాసన మండలిని ఎన్నుకున్నారు. పేరున్న ఇళ్ల మగవాళ్లకే ఆ ఓటు. అయినా ఆ మండలి రాసుకున్న చట్టంలో అధికారాలన్నిటికీ మూలం ప్రజలే అని ఉంది. ముత్యాల మీద పన్ను తీసేశారు, గుత్తాధిపత్యాలు రద్దు చేశారు. చివరికి చమురు కంపెనీ చెల్లింపు కూడా మండలి చేతికే రావాలన్నారు. అక్కడే తెగింది. ఆ డిసెంబరులో మండలి రద్దయింది. దాని తర్వాత వచ్చిన రెండో మండలీ మరుసటి మార్చిలో రద్దయింది, ఆ గొడవల్లో ప్రాణాలూ పోయాయి. అదే 1938లో బుర్గాన్‌లో చమురు దొరికింది. 1946లో ఎగుమతి మొదలయ్యాక పాలకుడికి వర్తకుల సుంకాలతో పని లేకపోయింది, వర్తకుల మాటకున్న బలం తగ్గింది.

అయితే ఆ 1938 మండలికి అధ్యక్షత వహించిన షేక్ అబ్దుల్లా అల్ సాలెం 1950లో తానే పాలకుడయ్యారు. 1961 జూన్ 19న స్వాతంత్ర్యం రాగానే రాజ్యాంగ సభకు ఎన్నికలు పెట్టించారు. 1962 నవంబరు 11న రాజ్యాంగం మీద సంతకం చేశారు. రద్దయిన మండలిలో రాసుకున్న మాట 6వ అధికరణంలోకి వచ్చింది: సార్వభౌమత్వం జాతిది, అధికారాలన్నిటికీ మూలం జాతి. 1963 జనవరి 23న పార్లమెంటుకు, అంటే 50 మంది సభ్యుల మజ్లిస్‌కు తొలి ఎన్నిక జరిగింది. ఈ చరిత్రలో నాకు అన్నిటికంటే నచ్చిన ఘట్టం ఇదే.

ఇక్కడ రాజకీయ పార్టీలకు చట్టపరమైన గుర్తింపు లేదు. ఆ పని చేసేది దివానియా. ప్రతి పెద్ద ఇంటికీ మగవాళ్లు కూర్చుని మాట్లాడుకునే ఒక హాలు ఉంటుంది. మన ఊళ్ల రచ్చబండ లాంటిదే, ఇంటి లోపల ఉంటుంది. ఎన్నికలప్పుడు అభ్యర్థులు రాత్రికి ఎన్నో దివానియాలు తిరిగేవారు, పెద్ద గుడారాలు వేసి భోజనాలు పెట్టేవారు. ఐదో నియోజకవర్గంలో అజ్మాన్, అవాజిమ్ వంటి తెగల బలం ఎక్కువ. ముందే తమలో తాము ఓటేసుకుని అభ్యర్థిని తేల్చుకునే అలవాటు ఉండేది. 1998లో చట్టం దాన్ని నిషేధించింది. కులం లెక్కలు చూసి పెరిగిన మనకు ఈ చిక్కు వెంటనే అర్థమవుతుంది.

సభలో ప్రశ్నలు గట్టిగానే ఉండేవి. మంత్రిని, ప్రధానిని కూడా నిలబెట్టి సమాధానం చెప్పించే హక్కు సభ్యుడికి ఉండేది. ఆ హక్కు వల్లే సభకూ ప్రభుత్వానికీ తరచూ పొసగలేదు. 1976లో, 1986లో సభ రద్దయి ఏళ్ల తరబడి ఎన్నికల్లేవు. 1990 ఆగస్టు 2న ఇరాక్ దాడి చేసింది. ఆ అక్టోబరులో సౌదీలోని జెద్దాలో కలిసిన కువైటీ ప్రముఖులు రాజకుటుంబం వెంట నిలబడుతూనే రాజ్యాంగాన్ని తిరిగి నిలపాలని కోరారు. దేశమే చేజారిన సమయంలో కూడా ఓటు గురించి అడిగిన మనుషులు వాళ్లు! దేశం తిరిగి చేతికొచ్చాక 1992 అక్టోబరు 5న ఎన్నికలు జరిగాయి.

ఆడవాళ్లకు ఇదంతా దక్కలేదు. 1962 ఎన్నికల చట్టం మగవాళ్లకే ఓటిచ్చింది. 1999లో పాలకుడైన అమీర్ ఆడవాళ్లకు ఓటిస్తూ ఆదేశం తెచ్చినా సభ తిరస్కరించింది. 2005 మే 16న 35 మంది అనుకూలంగా, 23 మంది వ్యతిరేకంగా ఓటేయడంతో హక్కు వచ్చింది. ఆడవాళ్లు తొలి ఓటు వేసింది కూడా బలదియాకే. 2006 ఏప్రిల్ 4న సల్వా ప్రాంతపు ఉప ఎన్నిక. అందులో నిలబడి రెండో స్థానంలో ఆగిన జనాన్ బుషెహ్రీ తర్వాత మంత్రి అయ్యారు, మజ్లిస్‌కూ గెలిచారు. 2009లో మాసూమా అల్ ముబారక్, రోలా దష్తీ, అసీల్ అల్ అవదీ, సల్వా అల్ జస్సార్ అనే నలుగురు ఒకేసారి సభలోకి వచ్చారు.

వఫ్రాకు పంచాయతీ ఉందా అని అడుగుతారు. లేదు. దేశమంతటికీ ఒకే బలదియా. దాని మండలిలో 16 మంది. 10 మందిని ప్రజలు ఎన్నుకుంటారు, 6 మందిని అమీర్ నియమిస్తారు. ఏ స్థలం దేనికి కేటాయించాలి, రోడ్డు ఎటు పోవాలి అన్న విషయాలు అక్కడే చర్చకొస్తాయి. 2022 మేలో దానికి ఎన్నిక జరిగింది. గవర్నర్ మాత్రం నియమితుడే. పేటపేటకూ ఉన్న జమియాల్లో, అంటే సహకార దుకాణాల్లో, పాలకవర్గాన్ని సభ్యులు ఓటేసి ఎన్నుకోవడం 1960ల నుంచి వస్తోంది. వఫ్రా రైతులకూ వ్యవసాయ సహకార సంఘం ఉంది.

ఇప్పటి సంగతి. 2024 ఏప్రిల్ 4న, రంజాన్ నెలలో, మజ్లిస్‌కు ఎన్నికలయ్యాయి. 8 లక్షలకు పైగా ఓటర్లు. మే 10న అమీర్ సభను రద్దు చేసి, రాజ్యాంగంలోని కొన్ని అధికరణాలను నాలుగేళ్లకు మించకుండా నిలిపివేస్తున్నట్టు ప్రకటించారు. చట్టాలు చేసే పని అమీర్‌కూ మంత్రివర్గానికీ చేరింది.

ఈ దేశ జనాభాలో మూడింట రెండు వంతులు బయటివాళ్లమే. ఇక్కడి ఓటులో మనకు భాగం లేదు, అడగడానికీ లేదు. కానీ మన ఓటు మన ఊళ్లో ఉంది. రాజస్థాన్ తర్వాత 1959లోనే పంచాయతీ రాజ్ మొదలుపెట్టిన రాష్ట్రం మనది. గల్ఫ్‌కు వచ్చిన మనిషి పేరు ఓటర్ల జాబితా నుంచి పోతే ఇంట్లోవాళ్లు పట్టించుకోరు, మనమూ అడగం. ఇది తప్పు. భారత పాస్‌పోర్టు ఉండి వేరే దేశ పౌరసత్వం తీసుకోని వారెవరైనా ఫారం 6ఏ నింపి, పాస్‌పోర్టులోని చిరునామా ఉన్న చోట ఓటరుగా చేరవచ్చు. 2011 నుంచి ఈ వీలుంది. ఎంబసీలో ఓటు వేయడం కుదరదు. పోలింగ్ రోజు అసలు పాస్‌పోర్టుతో స్వయంగా బూత్‌కు రావాలి. పంచాయతీ ఓటర్ల జాబితా కూడా అసెంబ్లీ జాబితా ఆధారంగానే తయారవుతుంది. కాబట్టి కువైట్‌లో మీ ఇంటి మనిషి ఉంటే, ఈ ఆదివారం ఫోన్ చేసినప్పుడు ఫారం 6ఏ సంగతి అడగండి.