జిల్లా: ఉత్తర ఆర్కాడు

1913 అక్టోబరు. దక్షిణాఫ్రికా, నేటాల్‌లోని న్యూకాసిల్ బొగ్గు గనులు. ట్రాన్స్‌వాల్ నుంచి వచ్చిన కొందరు ఆడవాళ్లు చంటిబిడ్డల్ని చంకనేసుకుని కూలీల గుడిసెల్లోకి అడుగుపెట్టారు. వాళ్లలో గాంధీ సహచరుడు తంబి నాయుడు భార్య కూడా ఉంది. ఆ రాత్రి మాటలు ఏ కాగితంలోనూ లేవు. ఇలా సాగి ఉంటాయి.

"గిరిమిట్టు తీరి ఎన్నేండ్లాయ అన్నా?"

"మూడేండ్లమ్మా."

"మరి గనిలో ఇంకా ఎందుకుండావు?"

"ఊరికన్నా పోవల్ల, మల్లా గిరిమిట్టన్నా రాయల్ల. లేదంటే ఏడాదికి తలకు మూడు పౌన్లు. నాకు మూడు, నా పెండ్లానికి మూడు. యాడ్నించి తెచ్చేది?"

"కట్టొద్దు. రేపు గనిలోకి దిగొద్దు."

గిరిమిట్టు అంటే కూలి ఒప్పందం. అందులో మొదటి ఏడాది జీతం నెలకు 10 షిల్లింగులు. ఆ లెక్కన మూడు పౌన్ల పన్నంటే ఆరు నెలల కష్టం. 16 దాటిన కొడుకు, 13 దాటిన కూతురు కూడా కట్టాలి. మనిషిని మళ్లీ ఒప్పందంలోకి నెట్టడానికో, ఓడెక్కించి పంపడానికో 1895లో చేసిన చట్టమది.

తొలి గిరిమిట్టు కూలీలతో మద్రాసులో బయల్దేరిన 'ట్రూరో' ఓడ 342 మందితో 1860 నవంబరు 16న డర్బన్ చేరింది. అంతకు పది రోజుల ముందే అమెరికాలో లింకన్ గెలిచాడు. అక్కడ దాదాపు 40 లక్షల మంది ఇంకా బానిసలే. ఆ బానిసత్వమూ గిరిమిట్టూ ఒకటే అనలేను. కన్నబిడ్డల్ని సంతలో అమ్మే ఘోరం మనవాళ్లకు లేదు, ఐదేళ్ల గడువుంది. కానీ పాసు లేకుండా తోట దాటితే జైలే.

న్యూకాసిల్ వచ్చిన ఆ ఆడవాళ్లకు మూడు నెలల కఠిన శిక్ష పడింది. గనులు మాత్రం ఆగిపోయాయి. 1913 నవంబరు 6న గాంధీ వెంట 2,037 మంది మగవాళ్లు, 127 మంది ఆడవాళ్లు, 57 మంది పిల్లలు చార్లెస్‌టౌన్ నుంచి నడక మొదలుపెట్టారు. వాళ్లను పట్టి రైళ్లలో వెనక్కి తెచ్చి, గని ఆవరణల్నే జైళ్లుగా మార్చారు. ఈలోగా చెరకు తోటలు కూడా లేచాయి. 1914లో పన్ను రద్దయింది.

నేటాల్‌కు వెళ్లినవాళ్లు లక్షా యాభై వేల పైచిలుకు. ఓడ జాబితాల్లో మనిషికో నంబరు; పేరు, తండ్రి పేరు, ఊరు, ఒంటి మీది మచ్చ. మన చిత్తూరు జిల్లా పుట్టింది 1911 ఏప్రిల్ 1న. ఆ జులై 1 నుంచే నేటాల్‌కు కూలీలను పంపడం ఆపేశారు. అందుకే ఆ జాబితాల్లో చిత్తూరు జిల్లా అని వెతికితే మనవాళ్లు దాదాపు దొరకరు. జిల్లా గడిలో ఉత్తర ఆర్కాడు అని చూడాలి, పక్కన తాలూకా: చిత్తూరు, చంద్రగిరి, పలమనేరు. మదనపల్లె వాళ్లయితే కడప కింద.