లెట్యూస్ కాడ వేస్తే

మిద్దె మీద కుండీల్లో లెట్యూస్ వేసేవాళ్ళందరికీ తెలిసిన బాధే ఇది. డిసెంబరు, జనవరిలో గుబురుగా, లేతగా ఉన్న మొక్క కాస్త ఎండలు మొదలయ్యేసరికి మధ్యలోంచి కాడ వేసేస్తుంది. ఆకులు సన్నబడతాయి. తుంచితే తెల్లటి పాలు కారతాయి. నోట్లో పెట్టుకుంటే చేదు. "ముదిరిపోయింది" అనేసి పీకి కంపోస్టు డబ్బాలో పడేస్తాం.

ఈ మొక్క చరిత్ర చూస్తే మాత్రం తమాషాగా ఉంటుంది. పాడైపోయిందని మనం పీకేసే ఈ దశ కోసమే మనుషులు మొదట దీన్ని పెంచారు. ఆకు మీద మోజు ఆ తర్వాత వచ్చింది.

2021లో శాస్త్రవేత్తలు 445 రకాల లెట్యూస్, దాని అడవి చుట్టాల జన్యువులను పోల్చి చూశారు. దాదాపు 6,000 ఏళ్ళ క్రితం కాకసస్ ప్రాంతంలో దీన్ని సాగులోకి తెచ్చారని తేల్చారు. అప్పుడు మనుషులు ముందుగా మార్చుకున్నది ఆకును కాదు, గింజ రాలిపోయే గుణాన్ని. అడవి మొక్క గింజలు గాలికి ఎగిరిపోతాయి. గింజ కావాలనుకున్నవాళ్ళే కదా, రాలకుండా నిలిచే మొక్కను ఏరుకునేది!

ఈజిప్టువాళ్ళు ఈ గింజల నుంచి నూనె తీసేవారు. వాళ్ళ లెట్యూస్ మన సలాడ్ ఆకులా గుండ్రంగా ఉండదు, నిటారుగా, పొడుగ్గా ఉంటుంది. సంతానాన్నీ పంటనీ ఇచ్చే మిన్ అనే దేవుడికి అది ఇష్టమైన మొక్క. సుమారు 3,900 ఏళ్ళ క్రితం సెనుస్రెత్ రాజు కర్నాక్‌లో కట్టించిన తెల్లరాతి మందిరం గోడల మీద, మిన్ వెనకాల ఈ మొక్కలు చెక్కి ఉన్నాయి. మనకు చేదుగా తగిలే ఆ పాలే వాళ్ళకు జీవానికి గుర్తు. లాటిన్‌లో లెట్యూస్‌ని లాక్టూకా అంటారు. పాలు అనే అర్థమున్న మాట నుంచే ఆ పేరు వచ్చింది.

గ్రీసుకు వెళ్ళేసరికి కథ తిరగబడింది. అక్కడ లెట్యూస్ తింటే మగవాళ్ళకు సత్తువ తగ్గుతుందని నమ్మేవారు. ఏథెన్సు ఆడవాళ్ళు ఏటా అడోనిస్ పండగ చేసుకునేవారు. ప్రేమదేవత ఆఫ్రొడైటీ ప్రేమించిన కుర్రవాడు అడోనిస్. నిండు యవ్వనంలో అడవిపంది పొడిచి చనిపోయాడు. పగిలిన కుండల్లో కాస్త మట్టి పోసి లెట్యూస్, సోపు గింజలు చల్లి, నిచ్చెనలు వేసుకుని ఆ కుండలను ఇంటి కప్పు మీదికి ఎక్కించేవారు. మొలకలు గబగబా వచ్చేవి, చాలని మట్టిలో, ఎండలో కొద్ది రోజులకే వాడిపోయేవి. అడోనిస్ పోయాడని ఏడుస్తూ ఆ వాడిన తోటలను నీళ్ళలో వదిలేవారు. అది ప్రభుత్వం జరిపే పండగ కాదు, గుళ్ళో చేసేదీ కాదు. ఆడవాళ్ళు తమ ఇళ్ళ మీద తాము చేసుకున్నది.

మగవాళ్ళకు ఇది నచ్చలేదు. క్రీ.పూ. 411 నాటి 'లిసిస్ట్రాటా' నాటకంలో అరిస్టోఫనీస్, సభలో యుద్ధం గురించి మాట్లాడుతుంటే కప్పు మీద ఆడవాళ్ళ ఏడుపులు వినిపించాయని ఒక అధికారి చేత విసుక్కునేలా చేశాడు. తెలివైన రైతెవడూ అలాంటి తోటలో నిజమైన విత్తనం చల్లడని ప్లేటో ఉదాహరణగా వాడుకున్నాడు. గింజదాకా రాని మొక్క ఎందుకని ఆయన ఉద్దేశం. ఆ ఆడవాళ్ళు మాత్రం పంట కోసం వేయలేదు. అర్ధాంతరంగా పోయినవాణ్ణి తలుచుకుని ఏడవడానికి వేశారు.

రోమన్లకు ఆకు కావాలి. అగస్టస్ చక్రవర్తి పెద్ద జబ్బు నుంచి బయటపడింది లెట్యూస్ వల్లేనని ప్లినీ రాశాడు. కాలం కాని కాలంలో తినడానికి తేనె కలిపిన పుల్లని ద్రవంలో ఊరబెట్టి దాచుకునేవారట. కాడ బాధ వాళ్ళకూ ఉంది. మొదటి శతాబ్దంలో సేద్యం మీద పుస్తకం రాసిన కొలుమెల్లా ఒక చిట్కా చెప్పాడు. మొక్క కాస్త ఎదిగాక నడిమధ్య చిన్న కుండపెంకు పెడితే, ఆ బరువుకు పైకి లేవకుండా పక్కలకు పరుచుకుంటుందట.

చైనావాళ్ళు ఇంకో దారి పట్టారు. కాడనే లావుగా పెంచి, తొక్క తీసి, ముక్కలు కోసి వేయించుకుంటారు. మనం తోటకూర కాడలతో పులుసు పెట్టుకోమూ, అలాగన్నమాట.

1894లో అమెరికాలో బర్పీ విత్తనాల కంపెనీ ఐస్‌బర్గ్ అనే రకాన్ని అమ్మకానికి తెచ్చింది. ఆ తరహా గట్టి గడ్డ రకాల్లో ఆకులు ఎంత బిగిసి ఉంటాయంటే, లోపలి కాడ దానంతటది బయటికి రాలేక చిక్కుకుపోతుంది. అందుకే విత్తనం కోసం పెంచే రైతులు గడ్డను కత్తితో చీల్చి కాడకు దారి ఇస్తారు. పసిదనంలోనే ఆపి ఉంచాలన్న మన కోరిక అక్కడిదాకా వచ్చింది.

మరి మన కుండీల సంగతి? పగలు పెరిగి ఎండ ముదిరితే లెట్యూస్ పూతకు వస్తుంది. అది దాని స్వభావం, మన పెంపకంలో లోపం కాదు. దసరా దాటాక విత్తుకోవాలి. గింజను లోతుగా పాతకుండా పైపైన చల్లి పల్చగా మట్టి కప్పాలి, దానికి వెలుతురు కావాలి. ఎండ పెరిగాక మధ్యాహ్నం నీడ, తడి ఆరని మట్టి ఉంటే ఇంకొన్ని రోజులు ఆగుతుంది. మధ్యభాగం పైకి లేస్తున్నట్టు కనిపించగానే పొద్దున్నే ఆకు కోసేసుకోవాలి. కొద్దిగా చేదెక్కిన ఆకును పప్పులో వేసుకోవచ్చు. లేత కాడ తొక్క తీస్తే లోపలి గుజ్జు బాగుంటుంది.

ఒక్క మొక్కను మాత్రం వదిలేయండి. అన్నిటికంటే ముందు కాడ వేసినదాన్ని కాదు, అన్నిటికంటే ఆఖరున వేసినదాన్ని. చిన్న పసుపు పూలు పూసి, రెండు మూడు వారాల్లో దూది కుచ్చుల్లాంటివి విచ్చుకుంటాయి. కాగితం సంచిలోకి వంచి దులిపితే గింజలు రాలతాయి. లెట్యూస్ పువ్వు చాలావరకు తనను తానే ఫలదీకరించుకుంటుంది కాబట్టి మొక్క గుణం గింజలోకి వస్తుంది. ఏటా అలా ఏరుకుంటూ పోతే మన ఎండకు కాస్త ఓర్చుకునే విత్తనం మన ఇంట్లోనే తయారవుతుంది. నిదానంగా కాడ వేసే రకాలు ఇలా ఏరుకోవడం వల్ల కూడా వస్తాయి.

"ముదిరిపోయింది" అన్న మాట మన ఇళ్ళలో కూరలకే కాదు, పెళ్ళి ఆలస్యమైన ఆడపిల్లలకూ వాడతారు. అక్కరకు రాదని తేల్చేయడానికి అంత తేలికైన మాట ఇంకోటి లేదు. లెట్యూస్ విషయంలో మాత్రం వచ్చే ఏడు విత్తనం ఇచ్చేది ఆ ముదిరిన మొక్కేనండీ.