వృత్తపథమున గ్రహస్థానము

సమవేగముతో వృత్తమున దిరుగు వస్తువు ఏ క్షణమున ఎచ్చట నుండునో చెప్పుట నేడు విద్యార్థులకు సైతము సాధ్యమైన లెక్క. పూర్వులకది నిత్యావసరము. గ్రహము ఎచ్చట నున్నదో తెలియనిదే పంచాంగము లేదు; పంచాంగము లేనిదే పర్వదిన నిర్ణయము లేదు.

క్రీ. శ. 499 నాటిదిగా చెప్పబడు ఆర్యభటీయమును అనుసరించి ఈ ప్రశ్నకు రెండు మెట్లుగా సమాధానము చెప్పవచ్చును. మొదటిది త్రైరాశికము. ఒక మహాయుగమున 157,79,17,500 దినములు. ఆ కాలమున సూర్యుడు రాశిచక్రమును 43,20,000 పర్యాయములు చుట్టివచ్చును. అట్లైన గడచిన దినములలో నెన్ని చుట్లు? గడచిన దినముల సంఖ్యకు అహర్గణమని పేరు. పూర్తియైన చుట్లను విడువగా మిగిలిన భాగమే మధ్యమ స్థానము. ఈ లెక్కను బట్టి సూర్యుని మధ్యమగతి దినమునకు సుమారు 59 కలల 8 వికలలు.

కోణము తెలిసినను, కేంద్రమునుండి వస్తువు ఏ దిక్కునకు ఎంత తొలగినదో ఇంకను తెలియవలెను. ఇది రెండవ మెట్టు. గ్రీకు దేశస్థుల సంప్రదాయమున టాలెమీ చాపమునకు పూర్ణజ్యను పట్టికగా గూర్చెను. భారతీయులు రెట్టింపు చాపముయొక్క జ్యలో సగమును గ్రహించిరి. అదియే అర్ధజ్య, వాడుకలో జ్య. చుట్టుకొలత 21,600 కలలైనచో వ్యాసార్ధము సుమారు 3,438 కలలు. వృత్తపాదమును 225 కలల చొప్పున 24 భాగములు చేసి, ఒక్కొక్కదానికి జ్యను నిర్ణయించిరి. వస్తువు 30 అంశలు నడచినపుడు భుజజ్య 1,719, అనగా వ్యాసార్ధమున సరిగా సగము, కోటిజ్య 2,978. ఈ రెండు సంఖ్యలతో దాని ఉనికి నిర్ణీతమగును.

ఆ జ్యా శబ్దమునకు పర్యాయమగు జీవా పదము అరబ్బులయొద్ద జీబ అయ్యెను. అచ్చులు వ్రాయని ఆ లిపిలో అది జైబ్ అని, అనగా వస్త్రపు మడత అని, చదువబడుటచే 12వ శతాబ్దమున లాటిను అనువాదకులు దానిని సైనస్ అనిరి. నేటి సైన్ అదియే.

అయినను గ్రహములు సమవేగమున నడువవు. ఈ సంగతి ప్రాచీనులెరుగుదురు. కనుకనే మధ్యమ స్థానమునకు మందఫలముతో సంస్కారము చేసిరి. 1609లో కెప్లరు గ్రహమార్గము దీర్ఘవృత్తమని ప్రకటించెను. వృత్తము తొలగినను పద్ధతి తొలగలేదు. దీర్ఘవృత్త గణనమునందును మొదట సమగతితో దిరుగు కల్పిత స్థానమును కనుగొని, పిదప దానిని సవరించుటయే నేటికిని ఆచారము.