సున్నం వదిలేది, సిమెంటు వదలదు

మద్రాసు పాత ఇళ్లలో వంటగది పడగొట్టినా కట్టడపు సామాను చాలావరకు తిరిగి పనికొచ్చేది. అది పనివాళ్ల ఓపిక వల్లే కాదు, సున్నం వల్ల కూడా. జార్జిటౌన్, మైలాపూరు మిద్దెలకు టేకు దూలాల మీద ఇటుకలను ఐమూలగా నిలబెట్టి సున్నంతో కట్టేవారు. సున్నం ఇటుక కన్నా మెత్తన. గీకితే రాలిపోతుంది, ఇటుక నిలుస్తుంది. సిమెంటు గోడలో సుత్తి దెబ్బకు ఇటుకే ముందు పగులుతుంది, మిగిలేది రద్దు. కూల్చివేత వ్యర్థాలకు 2016లో కేంద్రం ప్రత్యేక నిబంధనలే తేవాల్సి వచ్చింది.

సున్నపు మిద్దెలు కారేవి, దూలాలకు చెద పట్టేది, సిమెంటే నయమంటారు. కట్టేటప్పుడు ఆ మాట నిజమే. పడగొట్టేటప్పుడు మాత్రం రద్దు ఎత్తే ఖర్చు ఊరి మీద పడుతుంది. అయినా సిమెంటు ఇంట్లోనూ వంటగట్టుకు పరిచిన కడప బండను, అంచుల్లో ఉలి నడిపి నిదానంగా లేపితే, చాలాసార్లు విరగకుండా తీయొచ్చు. ఆ ఓపికకు కూలి కట్టివ్వాలి.